పాత షెడ్డును కోళ్ల గూడుగా మార్చడం మేలా, పడగొట్టి కొత్తది కట్టడం మేలా?

కొత్తపెరడు:
పెరట్లో 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవున్న చెక్క షెడ్డు ఒకటి ఖాళీగా పడి ఉంది. పైన రేకులు, కింద సిమెంటు గచ్చు, ఒకే తలుపు, కిటికీ లేదు. 8 పెట్టలను పెంచుకోవాలని నా ఆలోచన. ఉన్నదాన్నే బాగుచేసుకుందామని నేనంటే అన్నయ్య ససేమిరా అంటున్నాడు. "కుక్కలు రాకుండా మూస్తే కోళ్లకు గాలి ఆడదు, గాలి కోసం తెరిస్తే కుక్కలకు దారి ఇచ్చినట్టే. పడగొట్టి, జాలీతో కొత్తది కట్టు" అన్నది ఆయన వాదన. ఎవరి మాట సబబు?

గూటిమేస్త్రి:
నిస్సంకోచంగా మార్చండి. కొత్త గూడు కట్టేవాళ్లు మొదట తల పట్టుకునేది నేల దగ్గరే. మట్టి నేల అయితే ఏ జంతువు తవ్వుకుని వస్తుందోనని గోడ చుట్టూ అడుగు లోతున జాలీ పాతాలి. లేదా గోడ మొదలు నుంచి బయటికి రెండడుగుల మేర జాలీ పరిచి మట్టి కప్పాలి. మీకు గచ్చు ఉంది, ఆ బాధ తప్పింది. చోటు సంగతి చూస్తే, పెరటి గూటిలో కోడికి 4 చదరపు అడుగులైనా ఉండాలంటారు. మీ దగ్గర 80 చదరపు అడుగులున్నాయి, అంటే కోడికి 10 చొప్పున వస్తాయి. ఇంత మంచి కట్టడాన్ని పడగొట్టడం దండగ.

రెక్కలనీడ:
నేను మీ అన్నయ్య పక్షం. చోటు లెక్క సరే, గాలి లెక్క ఎవరు వేస్తారు? కోడి ఒంటి వేడి 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. దానికి చెమట పట్టదు. రెక్కలు ఎడంగా పెట్టి, నోరు తెరిచి రొప్పడమే దానికి చేతనైన పని. కిటికీ లేని రేకుల షెడ్డులో మిట్టమధ్యాహ్నం మీరు కాసేపు కూర్చుని చూడండి, తర్వాత మాట్లాడుకుందాం. ఇక రెట్ట నుంచి పుట్టే అమ్మోనియా మరో తలనొప్పి. గాలిలో పది లక్షల భాగాలకు 25 భాగాలు దాటితే కోళ్ల కళ్లకూ ఊపిరికీ చేటు. మన ముక్కుకు ఘాటు గట్టిగా తగిలేసరికే దాదాపు ఆ హద్దుకు చేరుకుని ఉంటుంది. పైగా మనం నిలబడి వాసన చూస్తాం. అది పుట్టేది నేల మీద, కోడి ముక్కు ఉండేంత ఎత్తులో.

గూటిమేస్త్రి:
కిటికీ లేకపోతే కోసుకోవచ్చు కదా! చెక్క గోడతో ఉన్న సుఖమే అది. పైకప్పు కింద రెండు ఎదురెదురు గోడలకూ పొడవుగా సందులు తీసి జాలీ బిగిస్తే వేడిగాలి, తేమ, అమ్మోనియా అన్నీ అక్కడినుంచే పోతాయి. కోళ్లు రాత్రి ఎక్కి కూర్చునే కర్ర ఆ సందుల కన్నా కిందికి ఉండాలి, అప్పుడు చలిగాలి నేరుగా ఒంటికి కొట్టదు. గచ్చు మీద చెక్క పొట్టు నాలుగు నుంచి ఆరు అంగుళాల మందాన పరిచి, తడిసిన చోట ఎప్పటికప్పుడు తీసేస్తూ ఉంటే వాసన సమస్య సగం తీరినట్టే. నీళ్ల పాత్ర చుట్టూ తడి చూడండి, కంపు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

రెక్కలనీడ:
పై సందులు చలికాలానికి సరిపోతాయి. ఎండాకాలంలో గాలి కోడి ఒంటికి తగలాలి, నెత్తి మీదుగా పోతే లాభం లేదు. అందుకోసం కనీసం ఒక గోడ నడుము ఎత్తు నుంచి పైదాకా జాలీ కావాలి. గోడ తీసేశాక, పైకప్పుకు సందులు తీశాక మిగిలేది గచ్చు, నాలుగు గుంజలే కదా! దానికి 'మార్చడం' అని పేరు పెట్టుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు.

జాలీకాపు:
గాలి గురించి మీరిద్దరూ ఎంతసేపైనా వాదించుకోండి, నా ప్రశ్న వేరు. ఇద్దరూ 'జాలీ' అంటున్నారు. ఏ జాలీ? కోళ్ల జాలీ పేరుతో దొరికే ఆరు మూలల సన్న తీగ వలనా? అయితే అన్నయ్య భయం అక్షరాలా నిజమవుతుంది. కుక్క పళ్లతో పట్టి గుంజితే దాని మెలికలు విడిపోతాయి. ఎలుకలు, చిన్న పాములు కన్నాల్లోంచే వచ్చిపోతాయి. కన్నాలు పెద్దవైతే పిల్లి లోపలికి రావాల్సిన పని కూడా లేదు, జాలీని ఆనుకుని పడుకున్న కోడిని పంజా పెట్టి లాగుతుంది.

తెచ్చుకోవాల్సింది తీగలు ఒకదానికొకటి అతికించిన వెల్డెడ్ జాలీ, కన్నం అరంగుళం. ఎలుక పిల్లలు దాంట్లోంచీ దూరవచ్చు, అందుకే దాణా రాత్రిపూట గూటిలో ఉంచకూడదు. బిగించే పద్ధతి ఇంకా ముఖ్యం. చిన్న మేకులు కొట్టి ఊరుకుంటే ఒక్క గుంజుడుకు ఊడొస్తాయి. జాలీని గోడ బయటివైపు పరిచి, అంచు మీదుగా చెక్క పట్టీ పెట్టి, దాని గుండా వాషర్లతో స్క్రూలు బిగించాలి. పని అయ్యాక చీకటి పడ్డాక లోపల లైటు వెలిగించి, తలుపు మూసి, బయట చుట్టూ తిరిగి చూడండి. వెలుతురు ఎక్కడ కనిపిస్తే అక్కడ జాలీ ఉందో లేదో వేలితో తడిమి చూసుకోవాలి. ముఖ్యంగా రేకుకూ గోడకూ మధ్య, రేకు వంపుల కింద. అందరూ తలుపు చూస్తారు, ఆ వంపుల సంగతి ఎవరూ పట్టించుకోరు.

పాతకాపు:
ఇంతమంది ఇన్ని చెప్పారు, ఆ షెడ్డులో ఇంతకుముందు ఏమి ఉండేదని ఒక్కరూ అడగలేదు. పురుగుమందులా, పాత నూనెలా, బ్యాటరీలా? గోడలకు రంగు ఎప్పటిది? రేకులు ఇనుపవా, సిమెంటువా? పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటికి రంధ్రాలు వేసినా, కోసినా ఆ పొడి మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కోళ్ల సంగతి తర్వాత.

కొత్తపెరడు:
రేకులు ఇనుపవే. మందులు ఎప్పుడూ పెట్టలేదు. పాత వాహనాల బ్యాటరీలు కొన్ని ఒక మూల ఉండేవి. గోడల రంగు మా ఊహ తెలిసినప్పటి నుంచీ అదే, ఇప్పుడు పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. గీకేసి కొత్త రంగు వేస్తే సరిపోదా?

పాతకాపు:
పొడిగా గీకవద్దు! పాత రంగుల్లో సీసం కలిపేవారు. గీకితే ఆ దుమ్ము మీ మీదా, గచ్చు మీదా, చుట్టుపక్కల మట్టి మీదా పడుతుంది. బ్యాటరీలలోదీ సీసమే. కోడి ఖాళీగా ఉండదు, నేల మీద మెరిసిందల్లా, గోడకు వేలాడేదల్లా పొడుస్తుంది. లోపలికి వెళ్లిన సీసం దాని ఎముకల్లో పేరుకుంటుంది, గుడ్డులోకీ, ముఖ్యంగా పచ్చసొనలోకీ దిగుతుంది. కోడి చూడటానికి నిక్షేపంగా ఉంటుంది, గుడ్లు కూడా పెడుతూనే ఉంటుంది. అందుకే ఇది గాలి, కుక్కల కన్నా పెద్ద సమస్య అంటున్నాను. వాటికి మందు జాలీ రూపంలో ఉంది. దీనికి అలాంటి పైపై వైద్యం పనిచేయదు.

గూటిమేస్త్రి:
ఇది మంచి మాట, ఒప్పుకుంటాను. అయినా పరీక్ష చేయించకుండానే గోడలను దోషుల్ని చేయడం ఎందుకు? రంగు పెచ్చు ఒకటి, బ్యాటరీలు ఉన్న మూల గచ్చు మీది దుమ్ము కొంచెం ప్రయోగశాలకు పంపితే తేలిపోతుంది. సీసం లేకపోతే నా మాటే నిలుస్తుంది.

రెక్కలనీడ:
సీసం లేకపోయినా పాత చెక్క పగుళ్లు ఉంటాయి, పగుళ్లలో ఎర్రనల్లి ఉంటుంది. పగలంతా సందుల్లో దాక్కుని రాత్రి కోళ్ల రక్తం పీలుస్తుంది, కాబట్టి పగలు కోడిని ఎంత వెతికినా కనిపించదు. రాత్రి కర్ర అడుగున తెల్లటి గుడ్డ పెట్టి రుద్దండి. ఎర్రటి చారలు పడితే అర్థమవుతుంది.

జాలీకాపు:
కోళ్లే ఇంకా రాని షెడ్డులో కోళ్ల రక్తం తాగే పురుగు ఎక్కడినుంచి వస్తుందండీ? ఈ సీజనులో పిచ్చుకలు గూళ్లు పెట్టుకుని ఉంటే వాటితో రావచ్చు, అంతే. కొత్త గూటికైనా పిచ్చుకలతోనో, కొని తెచ్చిన కోళ్లతోనో వస్తుంది. పగుళ్లు పూడ్చుకుని, కర్రను తీసి కడగడానికి వీలుగా అమర్చుకుంటే చాలు. దానికోసం షెడ్డు పడగొట్టక్కర్లేదు.

కొత్తపెరడు:
అయితే ముందు పెచ్చు, దుమ్ము పరీక్షకు పంపుతాను. సీసం తేలితే చెక్క గోడలు పొడి లేవకుండా తడిపి విప్పించి, తగిన జాగ్రత్తతో పారేయిస్తాను, గచ్చు కడిగించి మళ్లీ పరీక్షిస్తాను. తేలకపోతే ఒక గోడ జాలీ చేసి మిగిలినవి ఉంచుతాను. అన్నయ్యకు ఈ రెండో సగం నచ్చలేదు, మొదటి సగం మాత్రం చాలా నచ్చింది.

గూటిమేస్త్రి:
పరీక్ష తేలేలోగా తలుపు గడియ చూసుకోండి. మామూలు గొళ్ళేన్ని కుక్క మూతితో ఎత్తేస్తుంది. కొక్కేనికి తోడు ఒక క్లిప్పు పెట్టండి. తలుపు కింద వేలు దూరేంత సందు ఉంటే అక్కడ ఇనుప పట్టీ వేయించండి.

రెక్కలనీడ:
గోడలు ఉంటాయో ఊడతాయో తేలకముందే తలుపుకు తాళమా, మేస్త్రి గారూ?