స్టీరింగ్ టైట్ అయితే కాలమ్ మార్చడమేనా?

కాకినాడ కారు
మాది 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. రెండు నెలలుగా స్టీరింగ్ బాగా టైట్ అయింది. సందులోంచి తిప్పి పార్క్ చేసేసరికి భుజాలు పట్టేస్తున్నాయి. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రావడం లేదు, మనమే లాగాలి. మీటర్‌లో స్టీరింగ్ లైటు మాత్రం వెలగడం లేదు. వర్క్‌షాపులో ఒక రౌండు నడిపి చూసి "కాలమ్ పోయింది, మొత్తం సెట్ మార్చాలి, 38 వేలు" అన్నారు. కాలమ్ అంటే స్టీరింగ్ చక్రం వెనక ఉండే కడ్డీ, మోటారుతో కలిపి ఉండే భాగమట. ఈ బండి ఎక్కువగా నడిపేది మా అమ్మ. అందుకే టెన్షన్. మార్చేయమంటారా?

పాత ట్యాక్సీ
మార్చేయండి తమ్ముడూ. బ్రేకు, స్టీరింగ్ విషయంలో బేరాలాడకూడదు. అమ్మగారు నడిపే బండి అంటున్నారు. రేపు రోడ్డు మీద స్టీరింగ్ పట్టేస్తే 38 వేలు ఎవరికి కావాలి?

గ్యారేజీ మనిషి
అన్నా, భద్రత గురించి మీరన్నది నిజమే. కానీ తప్పు భాగం మారిస్తే డబ్బూ పోతుంది, ప్రమాదమూ అలాగే ఉంటుంది. ఆయన రాసినదాంట్లో నాకు పట్టుకున్న మాట ఒకటుంది: స్టీరింగ్ వెనక్కి రావడం లేదు. మోటారు సాయం తగ్గితే బండి నిలబడి ఉన్నప్పుడు బరువుగా ఉంటుంది, వేగం అందుకున్నాక చాలావరకు తేలికపడుతుంది, మలుపు అయ్యాక చక్రాలు వాటంతటవే తిన్నగా వస్తాయి. రావడం లేదంటే ఎక్కడో ఏదో బిగుసుకుంది. లేదా అలైన్‌మెంట్ బాగా తప్పింది.

ముందు గాలి చూడండి. డ్రైవర్ డోరు తీస్తే స్టిక్కర్ మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది. నవ్వకండి, గాలి పెట్టించుకుని వెళ్లిపోయిన బళ్లు నా దగ్గర చాలానే ఉన్నాయి. అది సరిగ్గా ఉంటే ముందు రెండు చక్రాలూ నేల మీద నుంచి లేపి స్టాండ్ల మీద పెట్టించండి. ఉత్త జాకీ మీద వద్దు. ఇంజన్ ఆపి, తాళం లాక్ తీసి, ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా తిప్పండి. మోటారు వల్ల కొంచెం బరువు ఉంటుంది కానీ ఒకే రకంగా ఉండాలి. గాల్లో కూడా బాగా టైట్‌గా ఉంటే టైర్ల తప్పు కాదు. అప్పుడు టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీల చివరలు) రెండూ విప్పి ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పాలి. చక్రం బరువుగా ఉంటే స్ట్రట్ (షాక్ అబ్జార్బర్ ఉండే కాలు) పైన బేరింగో కింద బాల్ జాయింటో. చక్రాలు తేలిగ్గా తిరిగి స్టీరింగ్ ఇంకా బరువుగానే ఉంటే ర్యాకు (చక్రాలను పక్కకు తోసే పళ్ల కడ్డీ), మధ్య షాఫ్టు (కాలమ్‌నీ ర్యాకునీ కలిపేది), కాలమ్ మిగులుతాయి. కాలమ్ పేరు ఎత్తాల్సింది అప్పుడు.

వైరింగ్ పని
కరెంటు సంగతి వదిలేశారు. ఈ మోటారు 12 వోల్టుల మీదే నడుస్తుంది, నిలబడి తిప్పేటప్పుడు చాలా కరెంటు లాగుతుంది. ఇంజన్ ఆన్‌లో బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెడితే చాలా బళ్లలో 13.5 నుంచి 14.5 దాకా రావాలి. అది పడిపోతున్నా, ఎర్త్ వైరు చిలుము పట్టినా సాయం తగ్గుతుంది. లైటు లేకపోయినా స్కానర్ పెట్టించండి, పాత లోపాల కోడ్‌లు మెమరీలో ఉండొచ్చు. టార్క్ సెన్సర్ (మనం ఎంత బలంగా తిప్పుతున్నామో కొలిచేది, ఇలాంటి బళ్లలో కాలమ్‌లోనే ఉంటుంది) కోడ్ వస్తే మాత్రం కాలమ్ మాట నేనూ ఒప్పుకుంటాను.

మధిర నుంచి
మా మామయ్య బండి పాతది, ఆయిల్ పవర్ స్టీరింగ్. దానికీ ఇదే పద్ధతా?

గ్యారేజీ మనిషి
చక్రాల వైపు పరీక్ష ఒకటే. సాయం వైపు వేరు: డబ్బాలో ఆయిల్ మట్టం, బెల్టు బిగువు, పంపు మూలుగు చూడాలి. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి అక్కడే పట్టుకుని ఉండొద్దని చెప్పండి, పంపు వేడెక్కిపోతుంది.

కాకినాడ కారు
గాలి సరిగ్గానే ఉంది. వోల్టేజీ 14.1. స్కానర్‌లో కోడ్‌లు లేవు. వేరే మెకానిక్ దగ్గర లేపించాను. గాల్లో కూడా టైట్‌గానే ఉంది, కానీ ఒక రకంగా లేదు: కొంచెం తిప్పితే బిగుసుకుంటుంది, వదులవుతుంది, మళ్లీ బిగుసుకుంటుంది. ఒక చుట్టులో రెండుసార్లు. టై రాడ్లు విప్పినా అంతే. పెడల్స్ పైన, షాఫ్టు క్రాస్ జాయింటు దగ్గర టార్చి వేస్తే ఎర్రటి తుప్పు పొడి రాలింది. సముద్రం గాలి, పైగా పోయిన వానల్లో కారులోకి నీళ్లు వచ్చాయి.

వైరింగ్ పని
చుట్టుకి రెండుసార్లు అంటే అదే జాయింటు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి చూడండి.

గ్యారేజీ మనిషి
దీనికి మాత్రం నేను ఒప్పుకోను. లోపల సూది బేరింగులు తుప్పు తినేశాక స్ప్రే కొడితే నాలుగు రోజులు తేలికవుతుంది, బాగైపోయిందని అమ్మగారు నమ్ముతారు. తర్వాత మళ్లీ పట్టేస్తుంది, లేదా అరిగి ఆట (వదులు) వస్తుంది. షాఫ్టు విడిగా దొరికితే కొత్తది వేయించండి.

పాత ట్యాక్సీ
కాలమ్ మార్చమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ తమ్ముడూ, షాఫ్టు వచ్చేదాకా అమ్మగారికి తాళం ఇవ్వకండి.

గ్యారేజీ మనిషి
అన్న చెప్పింది వినండి. ఇంకొకటి: షాఫ్టు విప్పే ముందు చక్రాలు తిన్నగా పెట్టి, స్టీరింగ్ కదలకుండా సీటు బెల్టుతో కట్టేయమనండి. షాఫ్టు ఊడి ఉన్నప్పుడు అది గిరగిరా తిరిగితే ఎయిర్‌బ్యాగ్ వైరు చుట్ట తెగిపోతుంది. పాత షాఫ్టు ఏ పంటి మీద కూర్చుందో పెయింటుతో గుర్తు పెట్టుకోమనండి.