కొండ ప్రాంతాల ఉపగ్రహ చిత్రాలకు పాలినామియల్ సవరణ చాలుతుందా?

తూర్పుకనుమ: పాడేరు, అరకు ప్రాంతాల లిస్-4 (భారత రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల కెమెరా) చిత్రాలకు రెండో ఆర్డర్ (వర్గ పదాల దాకా ఉన్న గణిత సమీకరణం) పాలినామియల్‌తో జ్యామితీయ సవరణ (చిత్రాన్ని పటంలోని స్థానాలకు సరిపెట్టడం) చేస్తే, 20 జీసీపీల (నేల మీద స్థానం కచ్చితంగా తెలిసిన గుర్తు బిందువుల) మీద ఆర్‌ఎంఎస్ దోషం (బిందువుల తప్పులకు ఒక రకం సగటు) అర పిక్సెల్ లోపే వస్తోంది. కాఫీ తోటల విస్తీర్ణం లెక్కగట్టడానికి ఇది చాలునని, డీఈఎం (నేల ఎత్తుల పటం) తెచ్చి ఆర్థోరెక్టిఫికేషన్ (ఎత్తుల వల్ల చిత్రంలో వచ్చే జరుగుడును సరిచేయడం) చేయడం అదనపు శ్రమేనని నా వాదన.

పటాలపని: ఆ అర పిక్సెల్ మీరిచ్చిన 20 బిందువుల సంగతే చెబుతుంది గానీ చిత్రం మొత్తం సంగతి కాదండీ. రెండో ఆర్డరులో ఒక్కో దిశకు ఆరు గుణకాలుంటాయి కాబట్టి, సరిగ్గా ఆరు బిందువులే ఇస్తే, వాటిని ఎంత తప్పుగా గుర్తించినా దోషం సున్నా వస్తుంది. పైగా మన్యంలో జీసీపీలు దొరికేది రోడ్ల కూడళ్లలో, వంతెనల దగ్గర, అంటే ఎక్కువగా లోయల్లో; కాఫీ ఉండేది వాలుల మీద. పాలినామియల్‌కు ఎత్తు అనేది తెలియనే తెలియదు. లిస్-4 కెమెరాను పక్కకు 26 డిగ్రీల వరకు వంచవచ్చు; అంత వంపులో తీసిన చిత్రంలో, లోయకంటే 500 మీటర్లు ఎత్తున్న శిఖరం, భూమి గుండ్రదనాన్ని పక్కనపెట్టినా, సుమారు 244 మీటర్లు జరుగుతుంది. 5.8 మీటర్ల పిక్సెళ్లలో అది నలభైకి పైమాటే.

తూర్పుకనుమ: అంత వంపు చిత్రాన్ని నేను తీసుకోను, నిలువుగా తీసినవే వాడతాను. శిఖరం జరిగినా తోట విస్తీర్ణం మారదు కదా?

పటాలపని: మారుతుంది. శిఖరం పక్కకు జరిగితే ఉపగ్రహం వైపున్న వాలు సాగుతుంది, అవతలి వాలు కుంచించుకుపోతుంది. కాబట్టి ఒకే తోట ఏ వాలు మీద ఉందన్నదాన్నిబట్టి ఎకరాలు పెరుగుతాయి లేదా తగ్గుతాయి. నిలువు చిత్రంలో ఈ దోషం చిన్నదేనని ఒప్పుకుంటాను: 817 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీసిన 70 కిలోమీటర్ల పట్టీ అంచున, అదే శిఖరం సుమారు 21 మీటర్లు, అంటే మూడు నాలుగు పిక్సెళ్లు జరుగుతుంది. కోనసీమ లాంటి చదును నేలకు పాలినామియలే చాలు. కానీ రెండు తేదీల చిత్రాలను, అదీ ఎదురెదురు వంపుల్లో తీసినవాటిని, పోల్చి అడవి తగ్గిందని చెప్పదలచుకుంటే మాత్రం, కొండ అంచుల వెంట కనిపించే మార్పులో ఎంత నిజమో చెప్పలేం. కొన్ని బిందువులను వాలుల మీద ఎంచి, సవరణలో వాడకుండా పక్కనపెట్టి, దోషం అక్కడ కొలవండి.

నేలమట్టం: డీఈఎం వాడేవారికి నాదొక మనవి. ఎస్‌ఆర్‌టీఎం (అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో తయారైన డీఈఎం) ఎత్తులు జియాయిడ్ (సగటు సముద్రమట్టానికి దగ్గరగా ఉండే ఉపరితలం) నుంచి కొలిచినవి, ఆర్‌పీసీలు (నేల స్థానాన్ని చిత్రంలోని పిక్సెల్‌కు కలిపే, చిత్రంతోపాటు వచ్చే గుణకాలు) సాధారణంగా అడిగేవి ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి సరిపెట్టిన నున్నని గణిత ఉపరితలం) ఎత్తులు. మన తీరంలో ఆ తేడా 60 మీటర్లకు పైనే ఉంటుంది. దాన్ని సరిచేయకుండా ఆర్థో చేస్తే, వంపు చిత్రం మొత్తం ఒక పక్కకు జరిగిపోతుంది.