క్యూబిజం దగ్గర ఆగిపోయాను, కాస్త చెప్పరూ?

ఆధునిక పాశ్చాత్య చిత్రకళ గురించి సొంతంగా చదువుకుంటున్నాను. ఫ్రెంచి చిత్రకారుడు మోనే దాకా ఇబ్బంది లేదు. 1874లో పారిస్ ప్రదర్శనలో ఆయన సూర్యోదయం బొమ్మను వెక్కిరించిన విమర్శకుడి మాటే ఆ చిత్రకారుల శైలికి ఇంప్రెషనిజం అన్న పేరుగా నిలిచిపోయిందట, భలే నవ్వొచ్చింది. సెజాన్ కూడా కొంత అర్థమయ్యాడు. ఆయన ఆపిల్స్ బుట్ట బొమ్మలో బల్ల ఎడమ అంచు, కుడి అంచు ఒకే గీతలో కలవవు. పండ్లు ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లి కింద పడేలా ఉంటాయి. ఒకే చోట నిలబడి చూసినట్టు వేయలేదు కాబట్టే అలా ఉందనుకున్నాను.

చిక్కంతా ఆ తర్వాత వచ్చిన క్యూబిజంతోనే, అంటే వస్తువుల్ని ముక్కలుగా విడగొట్టి పలు వైపుల నుంచి చూసినట్టు గీసే శైలితోనే. 1908లో బ్రాక్ వేసిన, ఫ్రాన్స్‌లోని లెస్టాక్ అనే ఊరి ఇళ్లు పెట్టెలు పేర్చినట్టున్నా ఇళ్లేనని తెలుస్తాయి. 1911కి వచ్చేసరికి ఆయన బొమ్మల్లోనూ పికాసో బొమ్మల్లోనూ మనిషెక్కడో, గిటారెక్కడో వెతుక్కోవాల్సిందే! అంతా గోధుమ, బూడిద రంగు ముక్కలు. మరుసటి ఏడాదే పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను కాన్వాస్ మీద అంటించి, ఫ్రేముకి బదులు చుట్టూ తాడు పెట్టాడు.

అసలు రంగుల్ని అంతగా ఎందుకు తగ్గించుకున్నారు? ముక్కలుగా గీయడం నుంచి ముక్కలు అంటించడానికి ఎలా వెళ్లారు? 1911 నాటి బొమ్మను చూసేటప్పుడు మీరైతే ఎక్కడ మొదలుపెడతారు? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.