కాక్‌పిట్ నా సర్వర్ ఆఫ్‌లైన్‌లో ఉందంటోంది: రెండరర్ మార్చడం క్షేమమేనా?

అందరికీ నమస్కారం. అద్దెకు తీసుకున్న ఉబుంటు సర్వర్ 22.04ను నేను ఇంటి నుంచే బ్రౌజర్‌లో, 9090 పోర్టు మీద, కాక్‌పిట్ (సర్వర్‌ను బ్రౌజర్‌లో నిర్వహించే సాధనం) ద్వారా నిర్వహిస్తున్నాను. లాగ్‌లు, టెర్మినల్, సర్వీసుల రీస్టార్ట్ అన్నీ సవ్యంగానే ఉన్నాయి గాని, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల పేజీ తెరిస్తే మాత్రం ఆఫ్‌లైన్‌లో ఉండగా క్యాష్‌ను (ప్యాకేజీల జాబితాను) రిఫ్రెష్ చేయలేమన్న సందేశం వస్తోంది. అదే పేజీ పక్కనున్న టెర్మినల్‌లో అదే జాబితాను తాజాపరిచే ఆప్ట్ అప్‌డేట్ ఆదేశం ఇస్తే ఏ ఆటంకమూ లేకుండా పూర్తవుతోంది. నెట్ లేదన్న కబురును కూడా ఆ సర్వర్ నెట్ మీదే పంపుతోందన్నమాట!

నాకు అర్థమైనంతవరకు, ఆ పేజీ వెనుక అప్‌డేట్ల పని చూసే ప్యాకేజ్‌కిట్, నెట్‌వర్క్ స్థితిని నెట్‌వర్క్‌మేనేజర్ అనే సర్వీసును అడిగి తెలుసుకుంటుంది. నా సర్వర్‌లోనేమో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ను సిస్టమ్‌డి నెట్‌వర్క్‌డి అనే వేరే సర్వీసు చూసుకుంటోంది; అందుకే నెట్‌వర్క్‌మేనేజర్‌కు కనెక్షన్ ఏదీ కనిపించడం లేదు. నెట్‌ప్లాన్ (ఉబుంటు నెట్‌వర్క్ అమరిక) ఫైలులో రెండరర్‌ను, అంటే నెట్‌వర్క్‌ను నడిపే సర్వీసును, నెట్‌వర్క్‌మేనేజర్‌కు మార్చమని కొందరు, నెట్‌వర్క్‌మేనేజర్ కింద ఒక డమ్మీ (నిజమైన కార్డు లేని, ఉత్తుత్తి) ఇంటర్‌ఫేస్‌ను చేర్చమని మరికొందరు సూచించారు. మొదటి మార్గంలో కనెక్షన్ మధ్యలోనే తెగి, సర్వర్ నాకు అసలు అందకుండా పోతుందేమోనని భయంగా ఉంది. కొత్త అమరికను తాత్కాలికంగా పరీక్షించే నెట్‌ప్లాన్ ట్రై ఆదేశం ఇచ్చాక 120 సెకన్లలోగా నిర్ధారించకపోతే పాత అమరికే తిరిగి వస్తుందని తెలుసు. రెండరర్ మార్పు విషయంలోనూ దానిని నమ్మవచ్చా? డమ్మీ ఇంటర్‌ఫేస్ వాడుతున్నవారెవరైనా ఉంటే, రీబూట్ తర్వాత కూడా అది నిలిచిందో లేదో దయచేసి తెలియజేయగలరు.