ఈసీజీ నార్మల్, ట్రెడ్‌మిల్ మీద మాత్రం తేడా. ఎలా?

అనంతపురం_బస్సు:
పోయిన ఆదివారం ఊరి నుంచి వచ్చిన నాన్నను లాల్‌బాగ్ తీసుకెళ్లా. కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఎక్కుతుంటే సగంలో ఆగి, అరచేత్తో రొమ్ము రుద్దుకుంటూ "గ్యాస్ రా" అని కూలబడ్డాడు. కింద నుంచి సోడా తెచ్చిస్తే అయిదు నిమిషాల్లో మామూలైపోయాడు. మర్నాడు ఈసీజీ తీయిస్తే ఏమీ లేదు, ట్రెడ్‌మిల్ టెస్ట్ మాత్రం పాజిటివ్, అంటే గుండెకు రక్తం చాలట్లేదట. గుండె నిండా ఉండేదే రక్తం కదా, దానికే రక్తం చాలకపోవడమేంటి? పోనీ చాలట్లేదనుకుందాం, కూర్చున్నప్పుడు ఎలా చాలుతోంది? డాక్టర్‌ని అడుగుదామంటే వెనక టోకెన్ల క్యూ.

ఫిజియాలజీ_పీడకల:
గుండె గదుల్లో ఉండే రక్తం దాని కండకు దాదాపు అందదు, లోపలి పొరలో మిల్లీమీటరులో పదో వంతు మందానికి తప్ప. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని మొదట్లోనే చీలే కరోనరీ ధమనులే దానికి దిక్కు. విశ్రాంతిలో వాటిలో పారేది నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్లు. అసలు మెలిక ఎక్కడంటే, మిగతా ఒళ్లు తనకొచ్చిన ఆక్సిజన్‌లో పావు వంతు వాడుకుని మిగతాది వెనక్కి పంపేస్తుంది, గుండె మాత్రం ఊరికే కూర్చున్నప్పుడే 70-80 శాతం పీల్చేస్తుంది. ఇంకా పిండుకోవడానికి పెద్దగా ఏం మిగలదు కాబట్టి పని పెరిగితే రక్తమే ఎక్కువ రావాలి. కణాల్లో శక్తినిచ్చే ఏటీపీ ఖర్చయ్యే కొద్దీ అడినోసిన్ అనే పదార్థం బయటికొస్తుంది, నాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వదులుతుంది, వాటితో చిన్న ధమనులు వదులై ప్రవాహం నాలుగైదు రెట్లు పెరుగుతుంది. అంతా అడినోసిన్ పనే అనుకోవద్దు, దాన్ని అడ్డుకున్నా వ్యాయామంలో ప్రవాహం పెరుగుతూనే ఉంటుంది.

కేఆర్‌పురం_కాకి:
మా అపార్ట్‌మెంట్ లెక్కలో చెప్తా. పెద్ద పైపు పాచి పట్టి సన్నబడింది, మనం ఇంట్లో కుళాయి ఇంకాస్త తిప్పుకుని బకెట్ నింపుకుంటున్నాం, తేడా తెలియట్లేదు. చుట్టాలొచ్చిన రోజు ఇంకా తిప్పుదామంటే తిరగదు, అప్పటికే మొత్తం తెరిచేసి ఉంటుంది. మీ నాన్నగారి చిన్న ధమనులూ అంతే, కూర్చున్నప్పుడే వదులై నెట్టుకొస్తున్నట్టున్నాయి. పెద్ద పైపు లాంటి కరోనరీ ధమని వ్యాసం సగం పూడినా విశ్రాంతిలో ప్రవాహం తగ్గదు, ఈసీజీ ఏం పట్టుకుంటుంది పాపం.

ఫిజియాలజీ_పీడకల:
కాకీ, పోలిక బాగుంది, కానీ కుళాయికి లేని కష్టం ఒకటి గుండెకు ఉంది. ఒళ్లంతటికీ రక్తం పంపే గది, ఎడమ జఠరిక, బిగుసుకున్న ప్రతిసారీ తన కండలోని నాళాలను తనే నొక్కేస్తుంది, దానికి రక్తం ఎక్కువగా దొరికేది వదులైనప్పుడే. నాడి 70 ఉంటే ఆ విరామం అర సెకను పైనే, 150కి చేరితే పావు సెకను కూడా ఉండదు. అవసరం పెరిగినప్పుడే టైం తగ్గడమన్నమాట. నాడి వేగం తగ్గించే మాత్రలు ఇచ్చేది ఇందుకే. అన్నట్టు, యాంజియో (కరోనరీ ధమనుల్లో అడ్డు ఎక్కడుందో చూసే పరీక్ష) చెయ్యమన్నారా? వాయిదా వెయ్యొద్దు అన్నా, కూర్చున్నా నొప్పి వస్తే మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

అనంతపురం_బస్సు:
గురువారం యాంజియో. ఇదంతా నాన్నకు చదివి వినిపించా. కాసేపు ఆలోచించి, "అయితే తగ్గింది సోడాకి కాదా, కూర్చున్నందుకా?" అన్నాడు.