లారీల నడుమ లేన్ మారుడు ఎట్ల?

అన్నలూ, అక్కలూ, నల్గొండ నుంచి చౌటుప్పల్‌కు రోజూ బైక్ మీద డ్యూటీకి పోతున్న. నార్కట్‌పల్లి దాకా ఫికర్ లేదు. అక్కడ 65వ నంబర్ జాతీయ రహదారి ఎక్కినంక మొదలైతది అసలు తిప్పలు. మొన్న చిట్యాల దాటినంక ముందు లారీ మెల్లగ పోతుంటే ఇండికేటర్ వేసిన, అద్దంల చూసిన, ఎవ్వరు లేరు. కుడికి జరిగిన్నో లేదో, పక్కనే కారు హారన్! గుండె ఆగినంత పనైంది.

అప్పటిసంది మెడ తిప్పి భుజం మీదికెళ్లి చూస్తున్న. మరి ఆ అర సెకన్ల ముందటి లారీ బ్రేక్ కొడితే? ఎంత జాగ వదలాలె? ఇండికేటర్ ఎంత ముందుగాల వెయ్యాలె? గేర్ తగ్గించి పికప్ అందుకోవాల్నా, ఉన్న స్పీడ్‌లనే జరగాల్నా?

"మెల్లగ పో బిడ్డా" అని మా అమ్మ రోజూ చెప్తనే ఉంటది, అది గాక వేరేది చెప్పుండ్రి. సంక్రాంతి రద్దీ రాకముందే నేర్చుకోవాలె.