పెద్దవాళ్ల హెల్త్ యాప్ ఎవరి చేతికి: వాళ్లకా, కొడుక్కా?

మిర్యాలగూడ_డిజైన్:
బీపీ, షుగర్ ఉన్న 60 దాటినవాళ్ల కోసం గోలీలు గుర్తుచేసే యాప్ ఒకటి చేస్తున్నాం, రీడింగులు కూడా అందులోనే రాసుకోవచ్చు. టీమ్‌లో రెండు మాటలు నడుస్తున్నాయి. పెద్దవాళ్లకు ఫోన్ కాల్ ఒక్కటి పోతే చాలు, స్క్రీన్ అంతా హైదరాబాద్‌లో ఉన్న కొడుకు, బిడ్డ చూసుకుంటారని కొందరు అంటున్నారు. కాదు, వాళ్లే వాడేలా చేయాలని మిగతావాళ్లు. వచ్చే నెల దేవరకొండ వైపు ఊళ్లలో టెస్టింగ్ పెట్టుకున్నాం, అంతకంటే ముందు మీరేమంటారో చెప్పండి.

వనపర్తి_శ్రీను:
కొడుక్కే చేయండి అన్నా. మా నాన్న యూట్యూబ్ చూస్తాడు, వాట్సాప్‌లో వాయిస్ పంపుతాడు, కానీ టైప్ చేయమని అడిగిన చోట ఫోన్ పక్కన పెట్టేస్తాడు. ఆభా నంబరే చూడండి, మన హెల్త్ రికార్డులను కలిపే ప్రభుత్వ ఐడీ, 14 అంకెలది, ఆధార్‌తో చేయాలంటే ఓటీపీ ఆధార్‌కు లింకైన ఫోన్‌కే వస్తుంది. మన పాలమూరు ఇళ్లలో చాలాచోట్ల ఆ ఫోన్ బొంబాయిలోనో పూణెలోనో పనికి పోయిన కొడుకు జేబులో ఉంటుంది. అకౌంట్ పేరుకు తండ్రిది, తాళం కొడుకు దగ్గర. ఉన్న సంగతి ఒప్పుకుని దానికి తగ్గట్టు చేస్తే సరిపోతుంది కదా.

దేవరకొండ_సిస్టర్:
శ్రీనూ, ఓటీపీ మాట నిజం తమ్మీ, మిగతాది నేను ఒప్పుకోను. నేను ఊళ్లలో బీపీ, షుగర్ చూసే పని చేస్తా. ఒక అవ్వకు నెలల తరబడి బీపీ దిగలేదు. కొడుకు రోజూ ఫోన్ చేసి "గోలి వేసుకున్నవా" అంటే "ఆ, వేసుకున్న" అనేది. అసలు సంగతేమంటే, ఆ గోలితో ఒంటికి ఎక్కువ పోతుంది, పత్తి ఏరనీకె పోయిన రోజు చేనులో ఆడమనిషికి మరుగు ఉండదు, అందుకని పని ఉన్న రోజుల్లో మానేసేది. ఈ మాట ఆమె కొడుక్కు చస్తే చెప్పదు, నాకు చెప్పింది. మీ యాప్ కొడుకు చేతిలో ఉంటే అన్ని రోజులకూ టిక్కులే పడతాయి, ఆ టిక్కులు చూసి డాక్టర్ డోసు పెంచుతాడు. ఇది ఎంత ప్రమాదమో మీ టీమ్‌కు అర్థం కావాలి. "ఈరోజు వేసుకోలేదు" అనే బటన్ అవ్వ చేతిలోనే ఉండాలి, అది నొక్కితే ఆమెను ఎవరూ తిట్టకూడదు.

ఇంకొకటి, చేతులు చూడండి. కూలి పని చేసి గట్టిపడ్డ, ఎండిన వేలు స్క్రీన్ మీద సరిగా పట్టదు. పట్టలేదని గట్టిగా, ఎక్కువసేపు అదిమి పెడతారు, ఫోన్ దాన్ని వేరే పనిగా తీసుకుంటుంది, ఐకాన్ జరుగుతుంది, లేదంటే డిలీట్ చేయాలా అని అడుగుతుంది. అంతే, భయపడి మళ్లీ ముట్టరు. మర్రిగూడ వైపు పోతే ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడ, నడుము బిగుసుకుపోయిన పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్లు తల వంచి ఒళ్లో ఫోన్ చూడలేరు, చెయ్యి పైకెత్తి పట్టుకోనూ లేరు. వాళ్లకు గొంతుతోనే పని జరగాలి.

పాలమూరు_యూఎక్స్:
సిస్టర్ చెప్పింది పూర్తిగా కరెక్ట్. నేను టెస్టింగ్ పద్ధతి గురించి చెప్తా. ఐదుగురితో చూస్తే 85 శాతం లోపాలు దొరుకుతాయని యూజబిలిటీ (వాడకంలో సులువు) నిపుణుడు నీల్సన్ చెప్పిన లెక్క పట్టుకుని పోకండి. వాడేవాళ్లంతా దాదాపు ఒకే రకం అయినప్పుడు పనికొచ్చే లెక్క అది. పెద్దవాళ్లలో ఒకరికి శుక్లాలు, ఒకరికి చేతి వణుకు, ఒకరికి చదువు లేదు, ఐదుగురూ ఐదు లోకాలు. "యాప్ ఎట్లుంది" అని అసలు అడగొద్దు, ఇంటికొచ్చిన మనిషిని నొప్పించకూడదని "మంచిగున్నది బిడ్డా" అంటారు. వాళ్ల గోలీల సంచీ తెప్పించి, పొద్దున వేసుకునేవి యాప్‌లో చూపించమని చెప్పి నోరు మూసుకుని కూర్చోండి. కొడుకు, కోడలు పక్కనుంటే వాళ్లే జవాబు చెప్పేస్తారు, వాళ్లతో వేరుగా మాట్లాడండి. లేత బూడిద రంగు అక్షరాలు తీసేయండి, అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు అడిగే 4.5:1 కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకూ తేడా) కనీసం ఉండాలి. తెలుగులో అక్షరం పెద్దది చేస్తే కింది వత్తులు తెగిపోతున్నాయేమో ఫోన్‌లోనే చూడండి.

వనపర్తి_శ్రీను:
గోలి విషయం ఒప్పుకుంటా అక్కా. కానీ రీచార్జ్ చేసేది కొడుకు, రాత్రి షుగర్ పడిపోతే బండి మాట్లాడేదీ కొడుకే. వాడికి ఏమీ కనిపించకపోతే ఎట్లా?

దేవరకొండ_సిస్టర్:
కనిపించనీ, ఎవరు వద్దన్నారు? షుగర్ మరీ పడిపోయినా, బీపీ బాగా పెరిగినా కొడుక్కు వెంటనే పోవాలి. గోలి ఎందుకు మానిందో అది మాత్రం అవ్వ సరే అంటేనే పోవాలి. ఈ-సంజీవనిలో, అంటే దూరాన ఉన్న డాక్టర్‌కు ఆన్‌లైన్‌లో చూపించే ప్రభుత్వ సేవలో, మా హెల్త్ సెంటర్ నుంచి డాక్టర్‌తో మాట్లాడించేటప్పుడు పక్కన మేం కూర్చుంటాం, బటన్లు మేం నొక్కుతాం, మాట మాత్రం పేషెంట్ మాట్లాడుతుంది. సాయం వేరు, పెత్తనం వేరు.

మిర్యాలగూడ_డిజైన్:
అయితే కొడుక్కు ఏం పోవాలో మొదటి రోజే పెద్దవాళ్లనే గొంతుతో అడుగుతాం, తర్వాత మార్చుకునే వీలూ పెడతాం. ఓటీపీ మాత్రం ఇంకా తెగలేదు, కొడుకు ఫోన్ ఎత్తకపోతే రిజిస్ట్రేషనే ఆగిపోతుంది.

దేవరకొండ_సిస్టర్:
రిజిస్ట్రేషన్ లేకుండానే గోలీలు గుర్తుచేయనీ, నంబర్ తర్వాత కలుపుకోవచ్చు. మరొక మాట, పత్తి రోజుల్లో పొద్దున రాకండి, ఊళ్లో ఎవరూ ఉండరు. సాయంత్రం ఆరు దాటాక రండి, మీ కొత్త ఫోన్లు కాదు, వాళ్ల ఫోన్లలోనే వేసి చూడండి.